టెర్మినల్‌కు కొత్త: పెన్‌డ్రైవ్‌లోని తెలుగు ఫైళ్ళు కొన్ని కాపీ కావట్లేదు

పద్మజ_కోనసీమ | శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ మింట్ పెట్టి నాకిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. మెయిలు, యూట్యూబు, కరెంటు బిల్లు కట్టడం అన్నీ బానే అవుతున్నాయి. చిక్కల్లా నాన్నగారి ఫైళ్ళతో వచ్చింది.

ఆయన రిటైరయిన దగ్గర్నుంచీ ఊరి సంగతులన్నీ వర్డ్‌లో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో దాస్తున్నారు. మొత్తం 412 ఫైళ్ళు, ఒకే ఫోల్డరు, పేర్లన్నీ తెలుగే. మౌసుతో లాగి కాపీ పెడితే మధ్యమధ్యలో ఆగిపోయి "స్కిప్" చెయ్యమంటోంది. స్కిప్ కొట్టుకుంటూ పోయాను. ఇప్పుడు ఏవి వచ్చాయో ఏవి రాలేదో తెలీడం లేదు.

అబ్బాయికి ఫోన్ చేస్తే "టెర్మినల్ తెరిచి ఎల్ఎస్ కొట్టమ్మా" అని మీటింగులోకి దూరిపోయాడు. కొట్టాను. "తే: కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది. నేను తే అని కొట్టలేదండి! దీనికేమైనా వైరస్ పట్టిందంటారా?

లచ్చన్న_కరీంనగర్ | 9:52

అక్కా, వైరస్ ఏం లేదు. నీ కీబోర్డు తెలుగుల ఉన్నది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ల ఎల్ మీట నొక్కితే త వస్తది, ఎస్ నొక్కితే ఏత్వం వస్తది. రెండు కలిస్తే తే. కింద పట్టీల కుడిపక్క భాష గుర్తు ఉంటది చూడు, దాన్ని ఇంగ్లిష్‌కు మార్చి మళ్ళ కొట్టు.

నిర్వాహకుడు | 9:55

పద్మజ గారూ, స్వాగతం. ఈ వేదికలో కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తాం. మీరు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) వాటిని ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో కొట్టాలి. గీతలూ చుక్కలూ కొటేషన్లూ ఉన్నవి ఉన్నట్టే.

మిగతావారికి మనవి: అడిగింది కొత్తవారు. ప్రతి కమాండు పక్కనా అదేం చేస్తుందో ఒక ముక్క రాయండి.

రాత్రి_షిఫ్ట్ | 10:10

ముందు ఆ ఫోల్డర్లోకి వెళ్దాం. దారి అంతా టైపు చెయ్యక్కర్లేదు. ఫైల్ మేనేజర్‌లో పెన్‌డ్రైవ్ తెరిచి, నాన్నగారి ఫోల్డరు లోపల ఖాళీ చోట కుడి క్లిక్ చేస్తే "ఓపెన్ ఇన్ టెర్మినల్" అని కనిపిస్తుంది. అది నొక్కితే టెర్మినల్ సరిగ్గా ఆ ఫోల్డర్లోనే తెరుచుకుంటుంది. అందులో:

పీడబ్ల్యూడీ
(నేనిప్పుడు ఏ ఫోల్డర్లో ఉన్నాను?)

ఎల్ఎస్
(ఇక్కడేం ఉన్నాయి?)

ఎల్ఎస్ | డబ్ల్యూసీ -ఎల్
(ఎన్ని ఉన్నాయి? మధ్యలో ఉన్న నిలువు గీత ఎంటర్ మీటకు పైనున్న మీటలో, షిఫ్ట్‌తో వస్తుంది. ఎడమ కమాండు ఇచ్చిన జవాబును కుడి కమాండు చేతికి అందిస్తుంది.)

ఈ మూడూ చూడ్డానికే, దేన్నీ మార్చవు. ఎన్నిసార్లయినా నిర్భయంగా కొట్టొచ్చు.

పద్మజ_కోనసీమ | 10:31

వచ్చిందండీ! 412 అని చూపించింది. కానీ ఎల్ఎస్ కొడితే పేర్లు చూసి గుండె ఆగినంత పనైంది. ఒత్తులు ఒకచోట, గుడులు ఒకచోట, అక్షరాలన్నీ విడివిడిగా పడి ఉన్నాయి. ఫైళ్ళు పాడైపోయాయా?

డీటీపీ_రమణ | 10:38

ఏం పాడవలేదమ్మా. టెర్మినల్ ఇంగ్లిష్ కోసం పుట్టిన వస్తువు. ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పు గడిలో కూర్చోబెట్టాలని చూస్తుంది. మన ఒత్తులు గడుల్లో ఇమిడే రకమా? అదే పేరు ఫైల్ మేనేజర్‌లో చూడండి, శుభ్రంగా ఉంటుంది. ఇరవయ్యేళ్ళు డీటీపీ చేశాను, తెలుగు ఇంతకన్నా ఘోరంగా విరగ్గా చూశాను.

రాత్రి_షిఫ్ట్ | 10:45

రమణ గారు చెప్పింది నిజం. కనిపించేదొక్కటే వంకర, లోపల పేరు చెక్కుచెదరదు.

ఇప్పుడు ఫైళ్ళు చేరాల్సిన ఫోల్డరు చేద్దాం. మీ డాక్యుమెంట్స్ లోపల నాన్న అని కొత్తది:

ఎంకేడీఐఆర్ ~/డాక్యుమెంట్స్/నాన్న

తర్వాత కాపీ. రాని ఫైళ్ళ గోల తెరమీద పడకుండా, ఒక టెక్స్ట్ ఫైల్లోకి వెళ్ళేలా:

సీపీ * ~/డాక్యుమెంట్స్/నాన్న/ 2> ~/తప్పులు.టీఎక్స్‌టీ

నక్షత్రం అంటే "ఇక్కడున్నవన్నీ". వంకర గీత అంటే మీ సొంత హోమ్ ఫోల్డరు, 1 అంకె ఎడమపక్క మీటలో షిఫ్ట్‌తో ఉంటుంది. 2> అంటే తప్పుల సందేశాలు మాత్రమే ఆ ఫైల్లో రాయమని. ఒక ఫైలు దగ్గర ఆగినా సీపీ మిగతావాటిని వదిలిపెట్టదు, చివరిదాకా పోతుంది. నాన్న, తప్పులు అనే రెండు పేర్లూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి, కొట్టడం తేలిక.

పద్మజ_కోనసీమ | 11:20

మొదటిదానికే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటోందండి. డాక్యుమెంట్స్ ఫోల్డరు ఎదురుగా కనిపిస్తూనే ఉంది!

లచ్చన్న_కరీంనగర్ | 11:24

నిర్వాహకుడన్న చిన్నబడి అన్నడు గద, అక్కడ వచ్చింది తిప్పలు 😀 కమాండ్లు చిన్నబడే. ఫోల్డర్ పేరు మాత్రం ఎట్ల ఉంటే అట్లనే కొట్టాలె. డాక్యుమెంట్స్‌ల మొదటి డి పెద్దబడి. విండోస్‌ల ఏది కొట్టినా నడుస్తది, లినక్స్‌ల పెద్ద డి వేరు, చిన్న డి వేరు.

ఇంకొక్క మాట అక్కా. పేరు మొత్తం కొట్టకు. డి, ఓ రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు, మిగతాది అదే నింపుతది. నింపలేదంటే ఆ అక్షరాలతోని ఇంకోటి కూడ ఉన్నట్టు. అప్పుడు ట్యాబ్ రెండుసార్లు నొక్కితే ఏమేం ఉన్నయో చూపిస్తది. అసలు ఏమీ చూపకపోతే నువ్వు కొట్టిన అక్షరాలల్ల ఏదో తప్పున్నట్టు.

కొత్త_పెంగ్విన్ | 11:30

ఇంత కష్టం ఎందుకండీ, పాతవన్నీ తీసేసి మళ్ళీ కాపీ చేసుకోవచ్చు కదా. (ఇక్కడ ఉన్న కమాండును నిర్వాహకుడు తొలగించారు.)

నిర్వాహకుడు | 11:33

తమ్ముడూ, ఆర్ఎం -ఆర్ఎఫ్ అనేది సరదాకి కూడా కొత్తవాళ్ళ దగ్గర పెట్టొద్దు. పద్మజ గారూ, మీరు కూడా ఇది గుర్తుంచుకోండి: టెర్మినల్‌లో ఆర్ఎంతో తీసేసింది చెత్తబుట్టలోకి వెళ్ళదు, నేరుగా పోతుంది. నక్షత్రమూ ఆర్ఎమ్మూ ఒకే వరసలో కనిపిస్తే ఎంటర్ మీద వేలు పెట్టకండి.

పద్మజ_కోనసీమ | మధ్యాహ్నం 12:15

ట్యాబ్ మీట భలే ఉందండీ. కాపీ అయింది. తప్పుల ఫైలు తెరిస్తే ఒక్కో ఫైలుకూ ఒక్కో వరస, అన్నిటి చివరా ఒకటే మాట: "ఫైల్ నేమ్ టూ లాంగ్". వరసలు లెక్కపెడితే 37. కొత్త ఫోల్డర్లో 375 ఉన్నాయి, లెక్క సరిపోయింది.

పేరు పొడుగైందంటుంది సరే, నాన్నగారి కంప్యూటర్లో విండోస్ ఇన్నేళ్ళూ ఏమీ అనలేదే? ఆయన పెట్టే పేర్లు పొడుగే, ఒప్పుకుంటాను. ఒకటి ఇలా ఉంది:

1986 ఆగస్టు గోదావరి వరదల్లో మన ఇంటి గుమ్మం దాకా నీళ్ళు వచ్చిన రాత్రి అమ్మమ్మ చెప్పిన సంగతులు తాతయ్య లెక్కలతో సహా

కానీ ఇంతకన్నా పొడుగు ఇంగ్లిష్ పేరున్న పాట ఒకటి మా అబ్బాయి ఫోల్డర్లో హాయిగా ఉంది.

రాత్రి_షిఫ్ట్ | 12:40

చాలామందికి తట్టని ప్రశ్న అడిగారు. పెన్‌డ్రైవ్ ఫోల్డర్లో ఉండి ఈ రెండూ కొట్టి చూడండి. 1986తో మొదలయ్యే ఫైలు ఒక్కటే అయితే పేరంతా కొట్టే పని లేదు, నక్షత్రం చూసుకుంటుంది:

ఎల్ఎస్ 1986* | డబ్ల్యూసీ -ఎం
(ఎన్ని అక్షరాలు)

ఎల్ఎస్ 1986* | డబ్ల్యూసీ -సీ
(ఎన్ని బైట్లు? బైటు అంటే కంప్యూటర్ దాచే చోటుకు కొలత)

పద్మజ_కోనసీమ | 12:47

మొదటిది 118, రెండోది 302.

రాత్రి_షిఫ్ట్ | 1:05

రెండింట్లోంచీ ఒకటి తీసెయ్యండి. వరస చివర ఎంటర్ గుర్తు ఒకటి ఉంటుంది, దాన్నీ లెక్కేస్తుంది. అంటే 117 అక్షరాలు, 301 బైట్లు.

మీ హార్డ్ డిస్కులో మింట్ మామూలుగా వాడే ఫైల్ సిస్టం (ఫైళ్ళను డిస్కులో అమర్చే పద్ధతి) పేరు ఈఎక్స్‌టీ4. దాంట్లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలు కాదు, బైట్లు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ, పెన్‌డ్రైవ్‌ల ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలోనూ హద్దు 255 అనే ఉంటుంది గానీ అక్కడ లెక్క యూటీఎఫ్-16 (అక్షరాలను అంకెలుగా దాచే ఒక పద్ధతి) ప్రకారం. అందులో త అయినా టి అయినా ఒకటే యూనిట్. మీ 117 అక్కడ సుబ్బరంగా పడుతుంది.

లినక్స్‌లో పేర్లు యూటీఎఫ్-8 అనే ఇంకో పద్ధతిలో ఉంటాయి. యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ ఒక్కో అంకె ఇచ్చిన) పట్టికలో మొదటి 128 స్థానాలకు, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఖాళీలకు, ఒక్కో బైటు చాలు. 2,048వ స్థానం నుంచి 65,535 దాకా ఉన్నవాటికి మూడేసి బైట్లు. తెలుగుకిచ్చిన చోటు 3,072 నుంచి 3,199 దాకా. కాబట్టి మనకు ప్రతిదానికీ మూడు.

మీ పేరునే విప్పి చూద్దాం. తెలుగువి 92, మూడేసి చొప్పున 276. 1986కి నాలుగు, మధ్య ఖాళీలు పదహారు, చివర చుక్కతో కలిపి డీఓసీఎక్స్ అనే ఎక్స్‌టెన్షన్‌కు (వర్డ్ ఫైలు పేరు చివరి తోకకు) ఐదు. మొత్తం 301.

ఆ 92 కూడా మనం కంటితో లెక్కపెట్టే అక్షరాలు కావు. గుడి వేరు, సున్న వేరు, పొల్లు వేరు. "శ్రీ" మనకు ఒకటే అక్షరం. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు, అంటే 12 బైట్లు. "తెలుగు" అన్న మాట 18 బైట్లు. ఒక పేరులో 85కి మించి ఇలాంటి తెలుగు ముక్కలు పట్టవు, అదీ ఖాళీలూ ఎక్స్‌టెన్షనూ లేకుండా.

డీటీపీ_రమణ | 1:12

అదీ సంగతి! అంటే హిందీ వాళ్ళకీ తమిళం వాళ్ళకీ ఇదే గతి. ఇంగ్లిష్ వాడికి 255 అక్షరాల పేరు, మనకి 85. రూపాయికి మూడు రూపాయల పన్ను కట్టినట్టుంది.

భద్రాద్రి_బాలు | 1:30

విషయం పక్కకెళ్తోంది, మన్నించండి. మీ నాన్నగారు ఆ ఫైల్లో రాసింది 1986 ఆగస్టు గురించేనా? భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరద అది. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ వరద వచ్చినా దాంతోనే పోలుస్తారు. దయచేసి ఆ ఫైలు మాత్రం పోగొట్టకండి.

పద్మజ_కోనసీమ | 2:05

అవునండి, ఆ వరదే. పోనివ్వను. మరి ఈ 37 ఎలా తెచ్చుకోవాలి?

కొత్త_పెంగ్విన్ | 2:10

ఈసారి మంచి సలహానే! ఫర్ లూప్ (ఒకే పనిని ఫైలు తర్వాత ఫైలుకు తనే చేసుకుపోయే కమాండు) రాస్తే 37 పేర్లూ ఒక్క దెబ్బకి కత్తిరించొచ్చు. రాసివ్వనా?

లచ్చన్న_కరీంనగర్ | 2:18

వద్దు తమ్మీ. ఆమెకు సీపీ వచ్చి ఒక్క పూట కూడ కాలే. ఇంకోటి, మొదటి ఇరవై అక్షరాలకు కత్తిరిస్తే "అమ్మమ్మ చెప్పిన సంగతులు" అని మొదలయ్యే ఫైళ్ళన్నిటికీ ఒకే పేరు వస్తది. ఒకదాని మీద ఒకటి కూసుంటే కడకు మిగిలేది ఒక్కటే.

కొత్త_పెంగ్విన్ | 2:21

ఎంవీ (పేరు మార్చే కమాండు) పక్కన -ఎన్ పెడితే ఉన్నదాని మీద రాయదు కదా అన్నా.

లచ్చన్న_కరీంనగర్ | 2:25

రాయదు. పేరు మార్చకుండ గమ్మునుంటది కూడ. ఏది మారింది ఏది మారలేదని మళ్ళ ఎతకాలె. నాలుగు వేల ఫైళ్ళుంటే లూపే రాయమంటుంటి. 37కు చేత్తోనే మంచిది, ఏ పేరు పెట్టాల్నో మనిషికే ఎరుక.

రాత్రి_షిఫ్ట్ | 2:40

నాదీ లచ్చన్న మాటే. పైగా పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలు ఫైళ్ళ పేర్లు ముట్టుకోవద్దు. కాపీ చేసేటప్పుడే కొత్త పేరిద్దాం:

సీపీ 1986* ~/డాక్యుమెంట్స్/నాన్న/"1986 వరద రాత్రి.డీఓసీఎక్స్"

కొత్త పేరులో ఖాళీలున్నాయి కాబట్టి కొటేషన్ల మధ్య పెట్టాలి. లేదంటే షెల్ (టెర్మినల్‌లో మీరు కొట్టింది చదివి పని చేయించేది) ఆ మూడు మాటల్నీ మూడు ఫైళ్ళనుకుంటుంది. ఒకవేళ 1986తో రెండు ఫైళ్ళుంటే సీపీ ఏమీ చెయ్యకుండా తప్పు చూపించి ఆగిపోతుంది. నష్టం లేదు, నక్షత్రానికి ముందు ఇంకో మాట చేర్చి మళ్ళీ కొట్టండి.

పైబాణం మీట నొక్కితే ఇందాకటి కమాండు తిరిగొస్తుంది. దాన్నే దిద్దుకుంటూ పోతే 37 అయిపోతాయి.

పద్మజ_కోనసీమ | 3:25

రెండు చిక్కులండీ.

ఒకటి, మీ కమాండును వర్డ్‌లో రాసి పెట్టుకుని అక్కణ్ణుంచి కాపీ చేసి అతికించాను. "ఈజ్ నాట్ ఎ డైరెక్టరీ" అంది. సరే చేత్తోనే కొడదామని మొదలుపెట్టి, ఎక్కడో ఏదో చేశాను, ఇప్పుడు ఏం కొట్టినా > అన్న గుర్తొకటే వస్తోంది.

రెండు, "పోస్టాఫీస్ కాగితాలు" అని మొదలయ్యే ఫైలు ఉంది. పేరు అచ్చంగా అలాగే కొట్టి నక్షత్రం పెట్టినా లేదంటుంది. ఇంకోటి "నీళ్ళు" అని మొదలయ్యేదీ అంతే.

డీటీపీ_రమణ | 3:33

మొదటిది నాకు తెలుసు. వర్డ్ నిలువు కొటేషన్లను అందంగా వంకర కొటేషన్లు చేసేస్తుంది. పుస్తకానికి బాగుంటుంది, టెర్మినల్‌కు అవి కొటేషన్లే కావు. నోట్సు రాసుకోవాలంటే వర్డ్‌లో వద్దు, మింట్‌లోని టెక్స్ట్ ఎడిటర్‌లో రాసుకోండి.

రాత్రి_షిఫ్ట్ | 3:50

> గుర్తు వచ్చిందంటే ఒక కొటేషన్ తెరిచి మూయలేదన్నమాట. మిగతాది ఎప్పుడు చెప్తారా అని ఎదురుచూస్తోంది. కంట్రోల్, సి కలిపి నొక్కండి, మామూలు స్థితికి వచ్చేస్తుంది. టెర్మినల్‌లో కంట్రోల్-సి కాపీ కాదు, "ఆపు" అని. కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి.

రెండోది అసలైన తెలుగు చిక్కు. కొన్ని టైపింగ్ పరికరాలు పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తొకటి పెడతాయి, పక్క అక్షరంతో కలిసిపోకుండా ఆపడానికి. నాన్నగారి "పోస్టాఫీస్" చివర అది ఉండి ఉండాలి. మీరు కొట్టినదాంట్లో లేదు. చూపుకు రెండూ ఒకటే, బైట్లలో మూడు తేడా. "నీళ్ళు" సంగతి ఇంకా తేలిక: ళకు ళ ఒత్తు పెట్టి రాసేవాళ్ళున్నారు, ల ఒత్తు పెట్టేవాళ్ళున్నారు. మనం రెండూ ఒకేలా చదువుతాం, కంప్యూటర్ చదవదు. టెర్మినల్‌లో ఒత్తులు చెదిరి కనిపిస్తాయి కాబట్టి ఆ తేడా కంటికి కూడా చిక్కదు.

మందు ఒకటే, తెలుగు పేరు చేత్తో కొట్టకండి. "పో" దాకా కొట్టి ట్యాబ్. లేదా ఫైల్ మేనేజర్ నుంచి ఆ ఫైలును మౌసుతో లాక్కొచ్చి టెర్మినల్ కిటికీలో వదిలేయండి. దారితో సహా పేరు, కొటేషన్లతో సహా, పడిపోతుంది.

పద్మజ_కోనసీమ | సాయంత్రం 6:10

అయిపోయాయండీ. ఇప్పుడు ఎల్ఎస్ | డబ్ల్యూసీ -ఎల్ కొడితే రెండుచోట్లా 412.

ఒక్కటే అసంతృప్తి. నాన్నగారు ఆ పేర్లలోనే సగం కథ చెప్పేవారు. "1986 వరద రాత్రి" అని నేను కుదిస్తే ఆయన నొచ్చుకుంటారు. అసలు పేర్లు కూడా ఎక్కడైనా దాచొచ్చా?

రాత్రి_షిఫ్ట్ | 6:22

పెన్‌డ్రైవ్ ఫోల్డర్లో ఉండి:

ఎల్ఎస్ > ~/డాక్యుమెంట్స్/పట్టిక.టీఎక్స్‌టీ

412 పూర్తి పేర్లూ ఒక టెక్స్ట్ ఫైల్లో వరసగా పడతాయి. ఫైలు లోపలి రాతకు 255 హద్దు లేదు, హద్దు పేరుకే. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే ఒత్తులన్నీ సరిగ్గా కనిపిస్తాయి. కుదించిన 37 పక్కనా కొత్త పేరు రాసి పెట్టుకుంటే మీకే విషయసూచికలా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: > గుర్తు పాత ఫైలును తుడిచి కొత్తగా రాస్తుంది. మీరు చేర్పులు చేశాక ఇదే కమాండు మళ్ళీ కొట్టకండి.

పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ నొక్కాకే లాగండి. ఆ ఒక్క ప్రతి మీదే ఆధారపడొద్దు, వీలైతే ఇంకో డ్రైవ్‌లోనూ పెట్టండి.

వైజాగ్_వాణి | ఆదివారం, ఉదయం 8:15

ఇదంతా చదివి నా ల్యాప్‌టాప్‌లో చూశాను. నాదీ మింటే. 160 బైట్ల పేరుకే "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంటోంది. 255 దాకా పట్టాలి కదా?

రాత్రి_షిఫ్ట్ | 8:50

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఎన్‌క్రిప్ట్ మై హోమ్ ఫోల్డర్" అన్న గడిలో టిక్కు పెట్టారా? అయితే అది ఈక్రిప్ట్ఎఫ్ఎస్. పేర్లను కూడా గుప్తలిపిలోకి మారుస్తుంది, మారిన పేరు పొడుగెక్కుతుంది. అందుకే అసలు పేరుకు 143 బైట్లే మిగులుతాయి. తెలుగులో నలభై ఏడు ముక్కలు. ఫోల్డర్ కాకుండా డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతిలో ఈ ఇబ్బంది రాదు, పేర్ల హద్దు 255 గానే ఉంటుంది. దానికోసం మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యాలి గనక, ఇప్పటికి పేర్లు కుదించుకోవడమే మేలు.

వైజాగ్_వాణి | 9:02

పెట్టానండి, టిక్కు పెట్టాను. ధన్యవాదాలు.

పద్మజ_కోనసీమ | 9:30

పట్టిక ప్రింటు తీసి నాన్నగారికిచ్చాను. కుదించిన పేర్లలో పదకొండు ఆయనకు నచ్చలేదు, ఎర్ర పెన్నుతో కొట్టేసి మళ్ళీ పెట్టారు. ఇప్పుడవి మార్చాలి. ఎంవీ అంటే పేరు మార్చడమే అన్నారు కదా అని వివరం చదువుదామని మ్యాన్ ఎంవీ కొట్టాను. తెర నిండా ఇంగ్లిష్ వచ్చి కూర్చుంది. కంట్రోల్-సి కొట్టినా పోవట్లేదు. బయటికెలా రావాలండి?

లచ్చన్న_కరీంనగర్ | 9:34

క్యూ కొట్టు అక్కా. ఒక్క క్యూ, ఎంటర్ కూడ అక్కర్లేదు. పేరు మార్చేటప్పుడు ఎంవీ -ఐ అని కొట్టు, ఆ పేరుతోని ముందే ఒకటుంటే నిన్ను అడిగినంకనే మారుస్తది.